నలభై ఇనప కుర్చీలు, ఒక తాళంచెవి

జార్జియా రాష్ట్రం, మేకన్ నగరం, హికరీ వీధి, 417 నంబరు ఇంట్లో కాపురముంటున్న ఓజెల్ లామార్ టార్ప్లీ అనే నేను, వయసు డెబ్బై తొమ్మిది, ముప్ఫయ్యొక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపి విరమించినవాణ్ణి, ఎవరి బలవంతమూ ఎవరి ప్రోద్బలమూ లేకుండా, స్థిమితమైన మనసుతో, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేమైనా ఉంటే అవి ఇకపై చెల్లవు. నిజానికి ఇంతకు ముందు నేను రాసింది ఏమీ లేదు. ఆ వాక్యం ఉండి తీరాలని లాయరమ్మ కింబ్రో అన్నది కనక రాశాను.

"స్థిమితమైన మనసు" దగ్గర కలం కాసేపు ఆగింది. పోయిన ఏడాది ఇదే మాట రాసి ఉంటే ఈ కాగితం మొదటి వాక్యంలోనే అబద్ధమైపోయేది. ఇవాళ నిజం. ఇవాళ నా మనసు స్థిమితంగా ఉండటమే కాదు, గంతులేస్తోంది. మోకాళ్ళు ఒప్పుకోక కుర్చీలో కూచుని రాస్తున్నాను. నాకు చావు దగ్గరపడిందని ఎవరూ అనుకోవద్దు. డాక్టరు నన్ను చూసి విసుక్కున్నాడు, రోగం లేకుండా వచ్చి టైము తింటున్నానని. సంతోషంగా ఉన్నప్పుడు పంచిపెడితే చెయ్యి ధారాళంగా ఉంటుందని రాస్తున్నాను, అంతే.

నా కూతురు షరీస్ కాలేజీలో ప్రమాణం చేసి ఒక సోరోరిటీలో చేరింది. మన నల్లజాతి ఆడపిల్లలు చదువు అయ్యాక కూడా, జుట్టు నెరిశాక కూడా, ఒకరికొకరు అక్కచెల్లెళ్ళుగా ఉండే సంఘం అది. దాని మేకన్ శాఖను ఈ వీలునామాలో ఇకపై "అక్కచెల్లెళ్ళు" అని వ్యవహరించడమైనది. ఇరవై ఏళ్ళపాటు నేను వాళ్ళను "టోపీలమ్మలు" అని వ్యవహరించాను. వాళ్ళ సమాజసేవంతా ఫోటోలు దిగడమేనని చర్చి మెట్ల మీద నలుగురినీ నవ్వించేవాణ్ణి. అందుకు ఇందుమూలంగా సిగ్గుపడటమైనది.

అంశం 1. పై చిరునామాలోని ఇల్లు, పెరడు, ఇంట్లోని సామాన్లు, వాటి మీద సర్వహక్కులూ నా ఏకైక సంతానం షరీస్‌కు దఖలు పరుస్తున్నాను. వంటింటి సింకు పక్కన ఉన్న పచ్చ కప్పు వాళ్ళమ్మ వర్లీన్‌ది. అది కడగకుండా అక్కడే ఉంచింది నేను. ఇప్పుడు కడిగేశాను. షరీస్ అందులో కాఫీ తాగవచ్చు.

అంశం 2. వంకాయరంగు జాకెట్టు, వీపు మీద వెండి అక్షరాలున్నది. ఇది షరీస్‌ది, ఆ రంగూ అక్షరాలూ తన సోరోరిటీవి. నాది కాదు కనక ఎవరికీ రాసే హక్కు నాకు లేదు. కానీ దాని సంగతి ఈ కాగితం మీద ఉండాలి.

వర్లీన్ పోయిన మూడో రోజుకే షరీస్ బడికి వెళ్ళిపోయింది. పిల్లలకు బాకాలూ డోళ్ళూ నేర్పే టీచరు తను. అంత్యక్రియలూ తనే చూసింది, నా మందులూ తనే చూసింది, శాఖ తరఫున పేద పిల్లలకు పుస్తకాల సంచులూ తనే పంచింది. ఎంత గట్టి పిల్లో అని ఊరంతా మెచ్చుకుంది. అందరికంటే ఎక్కువగా నేను మెచ్చుకున్నాను. తర్వాత ఒక సోమవారం మంచం మీద నుంచి లేవలేదు. మంగళవారమూ లేవలేదు. నేను గుమ్మంలో నిలబడి, "మన నల్లవాళ్ళకి ఇలాంటి జబ్బులుండవమ్మా, ప్రార్థన చేసుకుని లే" అన్నాను. ఇంత తెలివైన మాట ముప్ఫయ్యొక్క ఏళ్ళు బస్సు నడిపినవాడి నోటి నుంచే వస్తుంది.

జనవరిలో ఒక పొద్దున చెత్తబండి వచ్చే వేళకి చలిగా ఉండి, తలుపు వెనకాల వేలాడుతున్న ఈ జాకెట్టు తగిలించుకుని డబ్బా ఈడ్చుకుంటూ వీధిలోకి వచ్చాను. సరిగ్గా అప్పుడే శాఖ అధ్యక్షురాలు మిస్ ఆర్నెట్టా గూల్స్‌బీ కారు ఆ దారిన వచ్చింది, నా పక్కన ఆగింది, అద్దం దిగింది. "టార్ప్లీ గారూ, ఆ అక్షరాలు సంపాదించుకునేవి, తగిలించుకునేవి కావు. విప్పండి." ఆ చలిలో, బనీనుతో, జాకెట్టు మడతపెట్టి రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. వీధి చివర చెత్తబండి వాళ్ళు పని ఆపి చూశారు.

"షరీస్ ఏది?" అన్నది ఆవిడ.

"అట్లాంటా వెళ్ళింది."

ఆవిడ నన్ను చూసింది, నా చేతుల్లోని జాకెట్టును చూసింది. "ఆ పిల్ల ఈ జాకెట్టు లేకుండా అట్లాంటా వెళ్ళదు. ఒళ్ళు బాగుంటే మిమ్మల్ని దీని దరిదాపులకి రానివ్వదు. గురువారం వస్తాం" అని అద్దం ఎత్తేసింది.

దొంగతనంగా వేసుకున్న జాకెట్టే నా అబద్ధాన్ని పట్టిచ్చింది. నాలుగు నిమిషాలు వేసుకున్నాను. ఇంకెప్పుడూ వేసుకోలేదని దేవుని ఎదుట ప్రమాణం చేస్తున్నాను.

అంశం 3. పొరుగింటి లూషియస్ పెట్‌వేకు నా పెరట్లోని మట్టి తిరగేసే మిషను. — కొట్టివేయడమైనది. కారణం చివర రాశాను.

అంశం 4. నా నలభై ఇనప మడతకుర్చీలు అక్కచెల్లెళ్ళకు. బడి సభాభవనంలో కొత్తవి వేసినప్పుడు పాతవి పారేస్తుంటే నేను తెచ్చుకుని రంగులు వేసుకున్నాను. ఈ పేటలో చావుకైనా పెళ్ళికైనా చేపల వేపుడు విందుకైనా కుర్చీలు నావే. వేరే విషయాల్లో నాకు గర్వం తక్కువ, కుర్చీల విషయంలో లేదు.

గురువారం అయిదింటికి మిస్ గూల్స్‌బీ, ఆవిడతో ఇంకో ఇద్దరూ వచ్చారు. మనసు కుంగిపోయి ఇంట్లో పడుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళడం వాళ్ళు చేసే సేవ. ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుంటారు, ఎవరి నీళ్ళు వాళ్ళు తెచ్చుకుంటారు. తలుపు ఒకసారే తడతారు. లోపలికి పిలవకపోతే పెరట్లోనే కూచుంటారు. ఏమీ అడగరు. గంట అయ్యాక మడుచుకుని వెళ్ళిపోతారు. నేను తలుపు నాలుగు వేళ్ళ సందు తీసి మళ్ళీ "అట్లాంటా" అన్నాను. షరీస్ కారు వాళ్ళ వెనకాలే, ఇంటి ముందే కనబడుతోంది. మిస్ గూల్స్‌బీ తల తిప్పి దాన్ని చూసింది. "మీరు బయటికెళ్ళినప్పుడు ఆ పిల్ల ఒక్కతే ఉంటుంది కదా టార్ప్లీ గారూ, ఒక తాళంచెవి మా దగ్గర ఉండనివ్వండి" అన్నది. ఇంట్లో రెండో తాళంచెవి లేదన్నాను. చెబుతూ చేతులు తిప్పుతుంటే అది నా ప్యాంటు జేబులో గలగలలాడింది.

మర్నాడు నా అబద్ధాన్ని నిజం చేద్దామని కారు తీసుకెళ్ళి పెట్‌వే ఇంటి వెనకాల దాచాను. అక్కడ అతను వేసుకున్న కొలార్డ్ ఆకుకూర మడి ఉందని చక్రాలు దిగబడ్డాకే తెలిసింది.

వాళ్ళు మానలేదు. సముద్రపొడ్డున వేసుకునే గుడ్డ కుర్చీలు తెచ్చుకునేవారు. మిస్ గూల్స్‌బీ అంతటి మనిషి అందులో కూరుకుపోయి, మోకాళ్ళు గడ్డానికి ఆనుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూచుంటే కిటికీలోంచి చూసి నా ప్రాణం ఉసూరుమనేది. మూడో గురువారం తట్టుకోలేక నా ఇనప కుర్చీలు మూడు బయట వేశాను. కూతురి కోసం కాదు సుమా, కుర్చీల పరువు కోసం.

ఆరో గురువారం జల్లు పడింది. వాళ్ళు కదల్లేదు. నేను నీలం గొడుగు తీసుకెళ్ళి మిస్ గూల్స్‌బీ మీద పట్టాను. పది నిమిషాలకి చెయ్యి లాగి, నాలుగో కుర్చీ వేసుకుని పక్కన కూచున్నాను. వాళ్ళు ఏమీ అడగలేదు. అడగకపోతే మనిషి నోరు ఎలా ఊరుకుంటుంది? ముందు మోకాళ్ళ గురించి చెప్పాను. తర్వాత పెట్‌వే గురించి. తర్వాత ఆ పచ్చ కప్పు గురించి చెప్పబోయాను. నలభై కుర్చీల యజమానిని, ఒక కుర్చీలో కూచుని గుక్కపట్టి ఏడ్చాను. వాళ్ళు నా కూతురి కోసం వచ్చారు. మొదటి రోగిగా తేలింది నేను.

అప్పుడే పెట్‌వే తన వంటింటి స్టూలు మోసుకుంటూ వచ్చి నా ఎదురుగా వేసుకున్నాడు. "ఒరేయ్ ఓజెల్, నువ్వు ఏడుస్తుంటే నాకూ ఏడుపొస్తోంది. కానీ నా కొలార్డులు గుర్తొచ్చి జాలి వెనక్కి పోతోంది. ముందు మడిలోంచి షరీస్ కారు తియ్యి. తర్వాత ఇద్దరం కలిసి ఏడుద్దాం" అన్నాడు.

మిస్ గూల్స్‌బీ గొడుగు కింద నుంచి, "అట్లాంటా మరీ దగ్గరికొచ్చేసిందే, టార్ప్లీ గారూ" అన్నది.

మేడమీద కిటికీలోంచి షరీస్ నవ్వు వినబడింది. చిన్నదే. అప్పటికి మూడు నెలలైంది నేను ఆ నవ్వు విని.

ఎనిమిదో గురువారం షరీస్ ఇంటి చెప్పులతోనే దిగి వచ్చి నా ముందు నిలబడింది. "నాన్నా, అది నా కుర్చీ. లే" అన్నది. నా జన్మలో అంత వేగంగా ఎప్పుడూ లేవలేదు.

తర్వాత డాక్టరు, మందులు, ప్రతి మంగళవారం మాట్లాడించే నిపుణురాలి దగ్గరికి మిస్ గూల్స్‌బీ కారులో ప్రయాణం. మొదట్లో చుట్టాలొస్తే ఆ మాత్రల సీసా నేను పిండి డబ్బాలో దాచేవాణ్ణి. ఇప్పుడది బల్ల మీద ఉప్పు పక్కన ఉంటుంది. కాబట్టి కుర్చీలు అక్కచెల్లెళ్ళవి. ఏడాదికోసారి రంగు వేయాలి. వంకాయరంగు వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అంశం 5. నా తమ్ముడు రూఫస్‌కు చేపలు వేయించే పెద్ద మూకుడు. వర్లీన్ అంత్యక్రియల నాడు మిగిలిన కేకు మొత్తం కారులో పెట్టుకుని వెళ్ళిపోయినందుకు అతనికి మూకుడు మూత ఇవ్వడం లేదు. మూత షరీస్‌ది. మూత కావాలంటే ఇంటికి వచ్చి, అన్న కూతుర్ని ఎలా ఉన్నావని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా కూచుని తీసుకెళ్ళవచ్చు.

అంశం 6. నీలం గొడుగు మిస్ గూల్స్‌బీకి. ఒక ఊచ విరిగింది. ఆవిడనే ఈ వీలునామాకు కార్యనిర్వాహకురాలిగా నియమిస్తున్నాను, ఎందుకంటే ఆవిడ మాట దాటే ధైర్యం నాకు బతికుండగానే లేదు.

అంశం 7. నా శవపేటిక లోపలి గుడ్డ వంకాయరంగుది వేయాలని కోరిక. అక్షరాలు ఉండకూడదు. లోపలి గుడ్డ జాకెట్టు కిందికి రాదని మిస్ గూల్స్‌బీ ఆలోచించి చెప్పింది. ఆలోచించడానికి రెండు వారాలు తీసుకుంది.

అంశం 8. వీధి తలుపు రెండో తాళంచెవి. జేబులో గలగలలాడినది అదే.

ఇవాళ శనివారం. అక్కచెల్లెళ్ళు బడి జిమ్ములో పేటవాళ్ళకు ఉచితంగా వీలునామాలు రాయిస్తున్నారు. ఒక పక్క బీపీ చూస్తున్నారు. ఇంకో పక్క నా కుర్చీలు గుండ్రంగా వేసి, మనసు బాగాలేనివాళ్ళు వచ్చి కూచునే చోటు పెట్టారు. దాన్ని నడిపేది షరీస్. పొద్దున తొమ్మిదింటికి తను మైకు పట్టుకుని, రెండు వందల మంది ముందు, "నేను నాలుగు నెలలు మంచం దిగలేదు. మా నాన్న నన్ను అట్లాంటాలో దాచాడు" అని చెప్పింది. జిమ్మంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వి, ముక్కు చీదుకోవడానికి బయటికి వెళ్ళాను. అక్కడే ఈ కాగితం రాయాలని అనిపించింది.

నాకు ఒకటే భయం ఉంది. ఆ జబ్బు మళ్ళీ రావచ్చని డాక్టరు షరీస్ ముందే చెప్పాడు. నా తదనంతరం ఆ గుమ్మంలో నిలబడి అబద్ధం చెప్పడానికి ఎవరూ ఉండరు, మంచిదే. కానీ తలుపు తీయడానికీ ఎవరూ ఉండరు. అందుచేత ఆ తాళంచెవి అక్కచెల్లెళ్ళకు చెందుతుంది. షరీస్ ~~రెండు రోజులు~~ ఒక్క రోజు ఫోను ఎత్తకపోతే, వాళ్ళు తలుపు తట్టకుండానే తీసుకుని లోపలికి రావచ్చు. కుర్చీలు ఇంట్లోనే వేసుకోవచ్చు.

పై దిద్దుబాటు నాదే. ఇల్లు తనది కాబోతోంది కనక ఈ అంశం షరీస్‌కు చూపించి ఒప్పుదల అడిగాను. నిలబడి రెండుసార్లు చదివింది. వద్దంటుందేమోనని నేను కలం మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాను. "నాన్నా, రెండు రోజులు చాలా ఎక్కువ. ఒక్కటి అని రాయి" అని, పక్కన తన పొడి అక్షరాలు వేసి, కుర్చీల దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

తాళంచెవి నా చావు దాకా ఆగలేదు. ఇప్పుడే వెళ్ళి మిస్ గూల్స్‌బీ చేతిలో పెట్టి వచ్చాను. "రెండోది దొరికిందన్న మాట" అన్నది. ఇచ్చేసిన వస్తువు వీలునామాలో ఉండనక్కర్లేదు, ఆ అంశం తీసేయమని లాయరమ్మ చెప్పింది. నేను తీయలేదు.

సాక్షుల విషయం. ఇందులో ఏదైనా ముట్టేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదట. లాయరమ్మతో సహా జిమ్ము నిండా వంకాయరంగు మనుషులే, అందరికీ కుర్చీలు రాసేశాను. సాయానికి మిగిలింది జిమ్ము కాపలాదారు ఎపింగ్, తన వీలునామా కోసం నా వెనకాల వరసలో గంట నుంచి గొణుగుతున్న పెట్‌వే. సంతకం పెట్టాలంటే అతనికి నేనేమీ ఇవ్వకూడదు. ముందు కొలార్డులు పోయాయి, ఇప్పుడు మిషనూ పోయింది. విషయం చెప్పి అంశం 3 అతని ఎదుటే కొట్టేశాను. "ఇవ్వకుండా ఉండటం నీకు కొత్తా? కలం ఇలా తే" అన్నాడు.

తేదీ: 2024 అక్టోబరు 19, శనివారం, మేకన్.

(సంతకం) ఓజెల్ లామార్ టార్ప్లీ
షరీస్ తండ్రి

సాక్షులు:
1. క్లిఫర్డ్ ఎపింగ్, జిమ్ము కాపలాదారు. ఏమీ ముట్టలేదు.
2. లూషియస్ పెట్‌వే, 419 హికరీ వీధి. ఏమీ ముట్టలేదు. గురువారాలు నా స్టూలు నేనే తెచ్చుకుంటాను.