అమ్మకు రాని చీటీ

సోమవారం ఉదయం,
జూన్ 9

గువ్వకి,

మీ నాన్న దీవెనలు. నువ్వూ, కాబోయే అల్లుడుగారూ చల్లగా ఉన్నారనుకుంటూ రాస్తున్నాను. ఇక్కడ మా సంగతంటావా, నా మోకాలి నొప్పి తన డ్యూటీ తను చేస్తోంది, మీ అమ్మ నోరు తన డ్యూటీ తను చేస్తోంది. ఫోన్ చేస్తే తల్లీకూతుళ్ళిద్దరూ ఏడుస్తారు కాబట్టి ఉత్తరమే రాయమంది.

కాటాలు బాగుచేసే మన కొట్లో పని తలమునకలుగా ఉంది. మార్కెట్లో కాటాలన్నిటికీ నెలాఖరులోగా సర్కారు ముద్ర పడాలట. చేపలావిడ కాటా యాభై గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. ఆ సంగతే తనకు తెలియదని ఆవిడ ఒట్టేసింది. తూకం రాళ్ళు వేసి తూచి చూడందే నేను ఎవరికీ ముద్ర వేయించనని చెప్పి పంపాను.

ఇక అసలు విషయం. చీటీల కోసం గురువారం మందిరానికి వెళ్ళాం. నీకు తెలిసిందే, పెళ్ళి జరిగే లోపలి గదిలోకి సంఘం పెద్ద సంతకం చేసిన చీటీ ఉన్నవాళ్ళనే రానిస్తారు, కన్నతల్లయినా సరే. నేను పుట్టుకతో సభ్యుణ్ణి, మీ అమ్మ కాదు. అయితే ఇంట్లో మన ప్రార్థన చేసే మనిషికి సభ్యత్వం లేకపోయినా ఒక్క పెళ్ళి వరకూ చీటీ ఇస్తారు. ఆ ఆశతోనే ఆవిడ వచ్చింది. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టు రెండుసార్లు తల దువ్వుకుంది పాపం.

ముందు నన్నొక్కణ్ణే పిలిచారు, తర్వాత ఆవిణ్ణి. రెండు నిమిషాల్లో బయటికి వచ్చేసింది. ముఖం మాడిపోయి ఉంది. తన చేత ఏమీ చదివించలేదట, కూర్చోమని కూడా అనలేదట, వీలుపడదమ్మా అని ఒక్క ముక్క చెప్పి పంపేశారట. ఏం చూసి కాదన్నారో, వాళ్ళ చెవిలో ఎవరేం ఊదారో మనకెలా తెలుస్తుంది?

ఇంటికొచ్చి నీ పెళ్ళి బట్టల అంచు కుడుతూ కూర్చుంది. నన్ను మాత్రం లోపలికి వెళ్ళి తీరాలంటోంది. తనేమో గేటు పక్క సైకిళ్ళ షెడ్డులో కూర్చుంటుందట, అక్కడ ఎండ తగలదట. నువ్వే చెప్పు తల్లీ! ఇరవై ఆరేళ్ళు పెంచి, నీ పెళ్ళినాడు సైకిళ్ళ మధ్య కూర్చోవాలా? నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో మాత్రం రాయను.

గురువారం రాత్రి అమ్మ ఫోన్‌లో సంగతి చెప్పగానే పెళ్ళి వాయిదా వేస్తానన్నావట. అలాంటి పిచ్చి పని చేస్తే చెవి మెలిపెడతానని రాయమంది. రాశాను. పెళ్ళికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. వేళకి తిను, నైట్ డ్యూటీలు తగ్గించుకో.

ఎప్పుడూ నీ మేలు కోరే
నాన్న

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. వాళ్ళ చెవిలో ఎవరు ఊదారో నాకు బాగా తెలుసు. నేనే.

నన్ను ఒక్కణ్ణీ కూర్చోబెట్టి, ఇంట్లో ఆవిడ ప్రార్థన చేస్తుందా అని పెద్దాయన అడిగాడు. లేదన్నాను. ఆ చోట అబద్ధం ఆడకూడదు కదా అని, పెద్ద సత్యవంతుడిలా, గుండెల నిండా గాలి పీల్చుకుని మరీ అన్నాను.

శనివారం కళ్ళజోడు కోసం వెతుకుతుంటే పిండి డబ్బా వెనక నీ చిన్నప్పటి ప్రార్థన పుస్తకం దొరికింది. పలకడం కష్టమైన మాటల కింద మీ అమ్మ పెన్సిల్ గీతలు. అడిగితే సిగ్గుతో చచ్చిపోయింది. నీ పెళ్ళి కుదిరిన రోజు నుంచీ, నేను కొట్టుకు వెళ్ళగానే స్టవ్ దగ్గర నిలబడి చదువుతోందట. నా ముందు చదివితే తప్పులు పట్టి నవ్వుతానని చెప్పలేదట. నవ్వేవాణ్ణే. తెలియదని అని ఉంటే సరిపోయేది గువ్వా. నేను చూడనిదాన్ని లేదని చెప్పి వచ్చాను.

నిన్న వెళ్ళి పెద్దాయన కాళ్ళావేళ్ళా పడ్డాను. చివరికి మెత్తబడ్డాడు. బుధవారంలోగా ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాలి, నా మాట ఆవిడ ఎదుటే వెనక్కి తీసుకోవాలి, ఆవిడ ప్రార్థన అప్పజెప్పాలి. అప్పుడు చీటీ ఇస్తాడట.

అంటే ఆవిడకు చెప్పాలి. రాత్రి నుంచి మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ మంచినీళ్ళు అడిగి ఊరుకున్నాను. నీకు రాసే ప్రతి ఉత్తరమూ తను చదివాకే కదా కవరు అంటిస్తుంది. అందుకే దీన్ని కుట్టుమిషను మీద విప్పి పెట్టి కొట్టుకు వెళ్తున్నాను. ఇది నీ చేతికి అందిందంటే మీ అమ్మ చదివిందన్నమాటే.

ఏమోయ్, ఇక్కడిదాకా చదివావు కదా. నిన్ను కాదన్నది వాళ్ళు కాదు, నేను. బుధవారం నాతో రావూ?