రొట్టె తిన్న రోజు రాని ఆకలి

గద్వాల, శుక్రవారం రాత్రి. 2006, రంజాన్ నెల.

ఈరోజు ఆకలి నన్ను మరిచిపోయింది.

నిన్నటిదాకా తెల్లవారుజామున సహరీకి అన్నంలో పాలూ చక్కెరా కలుపుకొని కడుపునిండా తినేదాన్ని. పొద్దెక్కకముందే, కుట్టుమిషన్ ముందు కూర్చోగానే కడుపులో గోల మొదలయ్యేది. ఉపవాసాలతో సన్నబడతాననుకున్నాను. పోయినేడు పండుగ అయ్యేసరికి ఇంకా లావయ్యాను. మోకాళ్ల నొప్పి అప్పటినుంచే.

ఈ తెల్లవారుజామున అత్తమ్మ నాకు జొన్నరొట్టె, పెసరపప్పు పెట్టింది. "బువ్వ జల్ది అరుగుతది బిడ్డా. గిది తిను, పొద్దుగూకెదాంక కడుపు సల్లగుంటది" అంది. నిజమే. మధ్యాహ్నం మిషన్ తొక్కుతుంటే కృష్ణా నది మీద పుట్టిలో కూర్చుని తేలిపోతున్నట్టు అనిపించింది. ఆకలి కోసం ఎదురుచూశాను. రాలేదు.

ఇట్లాగే తింటే తగ్గుతానా? పండుగ దాటాక కూడా రొట్టె మీద నిలబడతానా? పొగలు కక్కే అన్నం ముందు నామీద నాకే నమ్మకం లేదు.

సాయంత్రం ఉపవాసం విడిచాక, "నువ్వూ రొట్టె తిను అత్తమ్మా" అన్నాను. ఆమె తన ఖాళీ పళ్లెం నా వైపు జరిపింది.

"నాకు బువ్వనే పెట్టు. సిన్నప్పుడు జొన్నలు తప్ప ఏం లేకుండె. బువ్వ తింటేనే నాకు తిన్నట్టుంటది."

వడ్డించాను. ఆవిరి వెనక ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా మెరిసింది.

రేపటికి జొన్నపిండి తీసిపెట్టాను. వేళ్లకు మాత్రం ఆ అన్నం వాసనే ఉంది. కడుక్కోలేదు.