కాలు దాటని నోబాల్

2001 మార్చి, ఆదివారం రాత్రి

పటమటలో టోర్నమెంటు ప్రారంభానికి పిలిచారు. రంజీ ఆడినవాణ్ని కదా, దండేసి మొదటి ఓవరు ఆడమన్నారు. రెండో బంతికే మిడిల్ స్టంప్ ఎగిరిపోయింది. తిరిగి వచ్చేయబోతుంటే అంపైరు నవ్వుతూ చెయ్యి చాపాడు.

"నోబాలండీ! మీరాడండి సార్."

సిగ్గులేకుండా మళ్ళీ గార్డు తీసుకున్నాను. ఓవరయ్యాక చూస్తే, మట్టిలో బౌలరు బూటు గుర్తు గీతకి జానెడు వెనకే ఉంది.

బందరు నుంచి వచ్చాడట ఆ బౌలరు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "నిజంగా దాటిందాండీ?"

"కొంచెం దాటింది" అన్నాను. ఎందుకన్నానో!

"అయితే రేపు సెలక్షన్స్‌లో అడుగు వెనకనుంచి పరిగెత్తుతానండీ. మంచిమాట చెప్పారు" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే వెళ్ళి నిజం చెబుదామంటే, ఆ సెలక్షన్స్ ఎక్కడో, కనీసం అతని పేరేమిటో కూడా అడగలేదు నేను.