ఇద్దరం కలిసి ఒక్క పిల్లమయ్యాం

ఒసేయ్ దర్శకురాలా,

మన చిన్ననాటి స్నేహం మీద నువ్వు తీసిన సినిమా చూశాను. పక్క సీట్లో ఆవిడ ముక్కు చీదుకుంటూనే ఉంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. మనం ముగ్గురం కదే, తెరమీద ఇద్దరే ఉన్నారేం? నా నత్తినీ, మన చింపిరిదాని పొగరునీ కలిపి ఒకే పిల్లను చేసి పారేశావు. ఆ పిల్ల నత్తినత్తిగా పొగరు మాటలంటుంటే హాలంతా పగలబడి నవ్వింది. తెరమీద నువ్వేమో పుట్టు మేధావివి, సినిమా అంతా జ్ఞానబోధే.

విరామంలో బయటికొస్తే మెట్ల దగ్గర చింపిరి కనిపించింది. దాని పెళ్లి జాకెట్టు బిగుతుగా కుట్టానని గొడవపడ్డాక ఏళ్ల తరబడి మాకు మాటల్లేవు. నన్ను చూడగానే, "నాకు నత్తా?" అని అరిచింది.

"నాకు పొగరా?" అని నేనూ అరిచాను.

"పొగరు నాదేలేవే," అంది. ఇద్దరికీ నవ్వాగలేదు. మిగతా సినిమా వదిలేసి నా కుట్టు దుకాణంలో కూర్చుని సాయంత్రందాకా నిన్ను తిట్టుకున్నాం. ప్రాణం హాయిగా ఉంది. మిగతా సగం మర్నాడు ఇద్దరం కలిసి వెళ్లి చూశాం.

ఇప్పుడది ఆసుపత్రి డ్యూటీ దిగి రోజూ ఇక్కడికే వస్తోంది. నిన్న నిన్ను తీసేసి మన కథ చెప్పుకుందామని చూశాం. బడి గోడ దూకిన రోజు దగ్గర ఆగిపోయాం. మా ఇద్దరినీ గోడ ఎక్కించి, నువ్వు కింద ఉండిపోయి మా దెబ్బలు కూడా నువ్వే తిన్నావు. అది సినిమాలో ఎందుకు పెట్టలేదే? మంచిపని దాచుకునే రోగం నీకెప్పుడు పట్టుకుంది?

ఒకసారి రా. తిట్టాల్సింది చాలా మిగిలింది. నువ్వు ఎదురుగా లేకపోతే రుచించడం లేదు.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని మేమిద్దరం