సున్నా నిమిషాలు

ట్రోండ్‌హైమ్, జనవరి 14

ప్రియమైన నాన్నకు,

శిక్షణలో ఆఖరి మూడు నెలలు మొదలయ్యాయి. నాకు పడిన పని వింటే నవ్వుతావు. దూరం నుంచి తెర మీద పాఠం చెప్పడం నేర్చుకోవాలట. కెమెరా వంక చూస్తూ మాట్లాడాలి, ఇక్కడ పలక మీద వేలితో గీస్తే అక్కడ పిల్లల గోడ మీద బొమ్మ కదలాలి. మొదటిరోజు పావుగంట సేపు మైకు నొక్కకుండానే చెప్పుకుపోయాను. మా పర్యవేక్షకురాలు గుండ్వోర్ చేతులు కట్టుకుని అంతా చూసి, చివర్లో, "బాగా చెప్పావు. ఎవరికీ వినపడలేదంతే," అంది.

ప్రయోగానికి ఒక చిన్న బడి కావాలన్నారు. మన దీవి బడి పేరు నేనే ఇచ్చాను. ఏడుగురు పిల్లలు, ఒక్క టీచరు, ఆ టీచరు నువ్వే. ఇంతకంటే ఏం కావాలి? వారానికి మూడు లెక్కల పాఠాలు నేను చెబుతాను, నువ్వు గది వెనక కూర్చుంటే చాలు. పోయినసారి తరగతి గదిలో ఎలా తడబడ్డానో నీకు తెలుసు. ఈసారీ తప్పితే ఇక అవకాశం ఇవ్వరు.

నీ సున్నివా

*

దీవి నుంచి, ఫిబ్రవరి 9

చిట్టితల్లి సున్నివాకు,

గాలివాన వల్ల పడవ మూడు రోజులు రాలేదు, అందుకే ఆలస్యం. నీ పాఠాలు బాగానే సాగుతున్నాయి. మంగళవారం మాత్రం లైను తెగి, తెరిచిన నోరు తెరిచినట్టే నీ మొహం ఆగిపోయింది. మూడో తరగతి తోర్దిస్ తెర దాకా వెళ్లి, నా వైపు తిరిగి, "హల్వార్డ్, సున్నివా పళ్లు లెక్కపెట్టనా?" అని అడిగింది. పెట్టమన్నాను. ఇరవై రెండు కనిపించాయట.

మిగతా పాఠం నేను పూర్తిచేశాను, ఊరికే, కొద్దిగా. భిన్నాలు వాళ్ల తలకెక్కలేదు. పువ్వు ఆకారపు వాఫుల్ అట్లు కాల్చి తెచ్చాను. ఒక్కోదానికి ఐదు రెక్కలుంటాయి కదా, ఐదో వంతు అంటే ఏమిటో జామ్ రాసి చేతిలో పెడితే గానీ తోర్దిస్‌కి నమ్మకం కుదరలేదు. గురువారం నువ్వు అడిగినప్పుడు అందరూ టకటకా చెప్పేశారు. నీ గొంతులో సంతోషం విన్నాను.

నాన్న

*

ట్రోండ్‌హైమ్, మార్చి 2

ప్రియమైన నాన్నకు,

పరీక్షాధికారి చూసిన పాఠంలో ఏడుగురూ తప్పు లేకుండా చెప్పారు. గుండ్వోర్ మొదటిసారి నా భుజం తట్టింది.

దీనితోపాటు ఒక కాగితం పంపుతున్నాను, నీ సంతకం కావాలి. అందులో ఒక గడి ఉంది: 'గదిలో ఉన్న పెద్దవారు బోధించిన సమయం, నిమిషాల్లో.' మా నాన్న కొంత సాయం చేస్తాడు, ఎంత రాయమంటారు అని గుండ్వోర్‌ని అడిగాను. "సాయాన్ని ఎవరు కొలుస్తారమ్మా? సున్నా వెయ్యి. అంకె పడిందంటే అది ఆయన పాఠం అవుతుంది, నీది కాదు," అంది.

సున్నా వేసే పంపుతున్నాను. నీకు మనసొప్పకపోతే కొట్టేసి నిజం రాయి. నేనేమీ అనుకోను. అనుకుంటానేమో కూడా.

సున్నివా

*

దీవి నుంచి, మార్చి 11

సున్నివా,

సంతకం చేశాను. కాగితం ఇందులోనే ఉంది. కాడ్ చేపలు పడుతున్నాయి, ఊరంతా రేవులోనే. వేళకి తిను.

నాన్న

*

ట్రోండ్‌హైమ్, ఏప్రిల్ 20

నాన్నా,

పట్టా వచ్చింది, మెచ్చుకోలుతో సహా. ఆ సంతోషం నాలుగు రోజులే నిలిచింది.

నిన్న మన మునిసిపాలిటీ వాళ్లు కాలేజీకి వచ్చారు. ప్రయోగం ఫలించింది కాబట్టి దీవి బడికి ఇక టీచరు అక్కర్లేదట. ఆగస్టు నుంచి పాఠాలన్నీ తెర మీదే. తలుపు తాళం తీసి, పిల్లలు కొట్టుకోకుండా చూసే మనిషి ఒకరుంటే సరిపోతుందట. పాఠాలు చెప్పే ఉద్యోగం నాకిస్తామన్నారు. గుండ్వోర్ నా చెయ్యి పట్టుకుని ఊపి అభినందించింది.

వాళ్లు ఇందుకోసమే ఈ ప్రయోగం చేయించారని నాకు తెలియదు నాన్నా, ఒట్టు. బడి పేరు ఇచ్చింది నేను, సున్నా వేసింది నేను. నీ నోట్లో మట్టి కొట్టిందీ నేనే.

మే 3న ఊరి సభ పెడుతున్నారు కదా. లేచి నిజం చెప్పు. నా పాఠాలు నువ్వు మళ్లీ చెప్పావని చెప్పు. కావాలంటే ఈ ఉత్తరం చదివి వినిపించు. నా పట్టా పోతే పోనీ. ఉద్యోగానికి ఇంకా అవుననలేదు. కాదని కూడా అనలేదు, అది నీకు దాచను.

సున్నివా

*

దీవి నుంచి, జూన్ 22

సున్నివా,

సభ జరిగి ఏడు వారాలైనా నీకు జవాబు రాయలేకపోయాను. నీ ఉత్తరం సభకి ముందే అందింది. కోటు జేబులో పెట్టుకునే వెళ్లాను.

నీకు చెప్పనిది ఒకటుంది. ప్రయోగం దేనికో నాకు జనవరిలోనే తెలుసు. మునిసిపాలిటీ నాకు రాసిన కాగితంలో స్పష్టంగా ఉంది. నీ పాఠాలు సాగకపోతే బడికి టీచరు ఉంటాడు, సాగితే ఉండడు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. నువ్వు మళ్లీ తప్పుతావన్న భయం ముందు నా కంటికి ఇంకేమీ ఆనలేదు. నీ ముప్పావుగంట పాఠాన్ని ఒక్కోరోజు రెండు గంటలు చెప్పాను. సున్నా కింద సంతకం ఆలోచించకుండానే పెట్టాను.

సభకి నలభై మంది వచ్చారు. తోర్దిస్ తల్లి ఓస్‌గెర్ద్ లేచింది. "హల్వార్డ్, నువ్వే చెప్పు. మా పిల్లకి లెక్కలు నేర్పింది ఆ తెరా, నువ్వా?"

"తెరే," అన్నాను.

"నా మొహం చూసి చెప్పు."

చూశాను. "తెరే నేర్పింది, ఓస్‌గెర్ద్."

ఆమె కూర్చుంది. చేతులెత్తించి లెక్కపెట్టారు, టీచరు అక్కర్లేదన్నదే నెగ్గింది.

ఇది నీ కోసం చేయలేదని రాద్దామని రెండు కాగితాలు పాడుచేశాను. నీ కోసమే చేశాను. నీది ఒక గడిలో వేసిన అబద్ధం, పైగా నన్ను దిద్దమన్నావు. నాది ఒక తల్లి కళ్లలోకి చూసి ఆడిన అబద్ధం. ఇరవై ఆరేళ్లు ఈ ఊరి పిల్లలందరికీ టీచరుగా ఉండి, ఆ పూట ఒక్క పిల్లకి తండ్రిగా మిగిలాను.

టీచరు లేని బడికి పిల్లల్ని పంపలేక మూడు ఇళ్లవాళ్లు దీవి వదులుతున్నారు. నిన్న తోర్దిస్ వాళ్లు సామాను పడవకి ఎక్కిస్తుంటే రేవుకి వెళ్లాను. ఒక కుర్చీ ఎత్తబోయాను. ఓస్‌గెర్ద్ దాన్ని నా చేతిలోంచి లాక్కుని, "నువ్వు ముట్టుకోకు," అంది. తోర్దిస్ మాత్రం పడవలోంచి చెయ్యి ఊపింది. సభలో నేనన్న మాట వాళ్లమ్మ తనకి ఇంకా చెప్పినట్టు లేదు.

ఉద్యోగం తీసుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. నాకు మాత్రం కృతజ్ఞతలు రాయకు.

నాన్న, హల్వార్డ్