ఎనిమిదో తేదీ

నవంబర్ 10, సోమవారం

ఈ రోజు తొమ్మిది మంది. ఆస్పత్రిలో నా రెండో నంబరు కిటికీకి ఒక్క రోజులో ఇంతమంది రావడం ఈ నెలలో ఇదే మొదలు. కొత్త రూల్ వచ్చాక నాకు మిగిలిన పని ఇదొక్కటే. కడుపు తీయించుకోవడానికి వచ్చినవాళ్ల దగ్గర ఫారం తీసుకోవాలి, తేదీ స్టాంపు కొట్టాలి, ఒక కాపీ వాళ్ల చేతిలో పెట్టాలి. స్టాంపు పడ్డాక ఏడు రోజులు ఆగాలి. ఆ ఏడు రోజులూ బాగా ఆలోచించుకోవాలట. ఈలోగా పది వారాలు దాటితే మాత్రం ఇక కుదరదు. ఆగమనేదీ రూల్ పెట్టినవాళ్లే, ఆలస్యమైందనేదీ వాళ్లే. ఈ మాట నాది కాదు, పై అంతస్తులో నర్సుది. నా మాట ఏమిటో నాకే తెలీదు.

పొద్దున్నే గేటు బయట రెండు గుంపులు. ఎడమవైపు వాళ్లు పుట్టబోయే ప్రాణం గురించి అరుస్తారు. కుడివైపు వాళ్లు ఆడదాని హక్కు గురించి అరుస్తారు. ఇద్దరూ నా చేతిలో కాగితం పెడతారు. ఇద్దరూ నన్ను చూసి నవ్వుతారు, నేను వాళ్ల మనిషినే అనుకుని. రెండు కాగితాలూ క్యాంటీన్‌లో టీ తాగుతూ చదువుతాను. మొదటిది చదివితే నిజమే కదా అనిపిస్తుంది. రెండోది చదివితే అదీ నిజమే కదా అనిపిస్తుంది. నాలాంటిదాన్ని తెచ్చి ఆ కిటికీలో కూర్చోబెట్టారు.

తొమ్మిది మందిలో ఒకావిడ చంకలో పిల్లతో వచ్చింది. ఏడు నెలల పిల్ల. ఇంటి దగ్గర మూడేళ్లవాడు ఇంకొకడున్నాడట. హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. పిల్లకి పాలిస్తోంది కదా, నెల తప్పిన సంగతే తెలియలేదట. ఫారంలో కారణం అని ఒక గడి ఉంటుంది. అందరూ పేరాలకి పేరాలు రాస్తారు. ఈవిడ రెండే మాటలు రాసింది, ఓపిక లేదు అని.

నాకు ఒళ్లు మండిపోయింది. రెండుసార్లు పోగొట్టుకున్నదాన్ని నేను. ఒకటి మూడో నెలలో, ఒకటి ఐదో నెలలో. నాకు బోలెడంత ఓపిక ఉండేది, ఎవరికీ అక్కర్లేకపోయింది. పిల్ల కిటికీ అద్దం మీద చెయ్యి ఆనించింది. నేను తల ఎత్తలేదు. ఫారం లాక్కుని స్టాంపు కొట్టి పంపించేశాను.

నవంబర్ 11, పొద్దున 8:40

కొంప మునిగింది. స్టాంపు మీద ఎనిమిది అని ఉంది.

రోజూ డ్యూటీలో కూర్చోగానే స్టాంపు చక్రం వేలితో తిప్పి ఆ రోజు తేదీ పెట్టాలి. నిన్న అత్తయ్య కళ్లజోడు వెతికిపెట్టి, బస్సు వెంట పరిగెత్తి, ఆయాసపడుతూ వచ్చి కూర్చున్నాను. తిప్పలేదు. తొమ్మిది మందీ సోమవారం వచ్చి శనివారం తేదీ వేయించుకుని పోయారు. పద్నాలుగేళ్లలో నా కిటికీలో ఒక్క తప్పు లేదు.

నవంబర్ 11, సాయంత్రం

రూల్ ప్రకారం తప్పు తేదీ మీద ఎర్ర ఇంకుతో గీత, పక్కన సరైన తేదీ, కింద పొట్టి సంతకం. ఎనిమిది ఫారాలు దిద్దాను. ఎనిమిది మందికీ ఫోన్లు చేసి కాపీలు తెప్పించి అవీ దిద్దాను. ఒక టీచరమ్మ క్లాసు వదిలేసి వచ్చిందట, నాకు కళ్లు నెత్తికెక్కాయని నలుగురి ముందూ దులిపేసింది. పడ్డాను. తప్పు నాదే కదా.

ఇస్త్రీ ఆవిడ ఫైలు మాత్రం దొరకలేదు, ఆవిడ ఫోనూ ఎత్తలేదు. ఫైలు పైన స్కాన్ రూమ్‌లోనే ఉందట. పాలిచ్చే తల్లి, నెలల లెక్క సరిగ్గా లేదు కాబట్టి డాక్టరమ్మ కొలతలు మళ్లీ చూస్తానందట. రేపు ఫైలు వస్తుంది, రేపు దిద్దుతాను. నా భుజం నేనే తట్టుకున్నాను ఈ రోజు.

నవంబర్ 12

ఫైలు వచ్చింది. సోమవారం స్కాన్ నాటికి తొమ్మిది వారాల ఒక రోజు అని ఉంది. ఎర్ర పెన్ను మూత తీశాను. అప్పుడు వేళ్ల మీద లెక్క వేశాను. ఎందుకు వేశానో తెలీదు, అది నా పని కాదు.

స్టాంపు ఎనిమిదైతే ఏడు రోజులు పదిహేనుకి నిండుతాయి, శనివారానికి. ఆ రోజుకి ఆవిడకి తొమ్మిది వారాల ఆరు రోజులు. చేస్తారు. స్టాంపు పదైతే పదిహేడు, సోమవారం. అప్పటికి పది వారాల ఒక రోజు. చెయ్యరు. మిగతా ఎనిమిది మందికీ ఇంకా బోలెడు టైముంది, ఏ తేదీ అయినా వాళ్లకి ఒకటే. ఈవిడకి మాత్రం నా మతిమరుపే దిక్కు.

మూత పెట్టాను. మళ్లీ తీశాను. మళ్లీ పెట్టాను. కిటికీ పక్క గోడకి ఒక బోర్డు ఉంది, తప్పుడు తేదీ వేసిన ఉద్యోగికి మూడేళ్ల జైలు అని. దాన్ని రోజూ చూస్తాను, ఇవాళే చదివాను. ఫైలు సొరుగులో అన్నిటికంటే అడుగున పెట్టి టిఫిన్ బాక్సు తీసుకుని వెళ్లిపోయాను.

నవంబర్ 12, రాత్రి అన్నాలప్పుడు

ఆయనకి చెప్పాను. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు, ప్రపంచంలో అన్నిటికీ లిఫ్టే పోలిక. నీ ఉద్యోగం స్టాంపు కొట్టడం, తీర్పు చెప్పడం కాదు, దిద్దేసి ఊపిరి పీల్చుకో అన్నారు. లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే నేను ముందు తలుపు తీస్తాను, వాడు మంచోడా చెడ్డోడా అని అడగను అని కూడా అన్నారు. రెండు మాటలూ ఒకదాన్నొకటి తంతున్నాయని నేనన్నాను. ఆయన పెరుగు అడిగారు.

అత్తయ్యకి ఈ గొడవలంటే మంట. ఎడమవైపు వాళ్ల కాగితాలు జాగ్రత్తగా దాచుకుంటుంది. అందుకని ఆవిడకి వినపడకుండానే మాట్లాడామనుకున్నాం. కానీ వింది. ఆ ఇస్త్రీ ఆవిడ పిల్లకి ఎన్ని నెలలు అని అడిగింది. ఏడు అన్నాను. అయితే కాన్పు కుట్లు ఇంకా లాగుతుంటాయి అంది. టీవీ సౌండ్ పెంచుకుంది.

అంటే ఏమిటో అర్థం కాలేదు.

నవంబర్ 13

ఆవిడ వచ్చింది. హోటల్లో గంట పర్మిషన్ అడుక్కుని వచ్చిందట. పిల్ల భుజం మీద నిద్రపోతోంది. తన కాపీ తీసి అద్దం కింది సందులోంచి నా వైపు తోసింది. తేదీ తప్పు పడిందమ్మా, నేను వచ్చింది సోమవారం, ఇందులో శనివారం తేదీ ఉంది, ఈ తప్పు చూసి డాక్టరమ్మ వెనక్కి పంపేస్తుందేమో, కొంచెం దిద్దిపెట్టండి అంది.

దిద్దితే ఏమవుతుందో ఈ పిచ్చితల్లికి తెలీదు. తప్పు కనిపిస్తే నిద్ర పట్టని రకం, అచ్చం నాలాగే. ఇలాంటి మనిషి మీదా నేను సోమవారం అంత మండిపడింది?

వెనక వరసలో నలుగురున్నారు. మీరు వచ్చింది శనివారమేనండీ అన్నాను. కాదమ్మా సోమవారం అని మొదలెట్టింది. శనివారం మధ్యాహ్నం వచ్చారు, అప్పటికే స్కాన్ రూమ్ మూసేశారు, అందుకే స్కాన్‌కి సోమవారం రమ్మన్నాను, గుర్తులేదా అని కసిరాను. నిజంగానే కసిరాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. అవునమ్మా, నేనే మర్చిపోయాను అంది.

నేను ఆవిడ పక్షం కాదు. ఎవరి పక్షమూ కాదు. మరి ఆ మాట నా నోట్లోంచి ఎలా ఊడిపడింది? మధ్యాహ్నం బాత్రూమ్‌లో కాసేపు ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో కూడా తెలీలేదు. నాకు నిలబడని ఆ ఇద్దరి కోసమా, ఆవిడ కోసమా, జైలు భయమా?

నవంబర్ 14, మధ్యాహ్నం 1:15

ఇన్‌స్పెక్షన్. ముందు చెప్పకుండా వచ్చారు.

ఆఫీసరు ఆడమనిషి. చాలా మర్యాదస్తురాలు, నాకు అదే వణుకు. టీ కూడా వద్దంది. ఈ వారం ఫారాలు బల్ల మీద వరసగా పరిచింది. 411 నుంచి 419 దాకా ఎనిమిదింటి మీద ఎర్ర గీతలు. మధ్యలో 415, ఇస్త్రీ ఆవిడది, ఒక్కటీ తెల్లగా. నేను అంత శ్రద్ధగా దిద్ది ఉండకపోతే తొమ్మిదీ ఒకేలా ఉండేవి, ఆమె కంటికి ఆనేవే కాదు. నా శుభ్రతే నా పీకల మీదికి తెచ్చింది.

ఇదొక్కటి ఎందుకు దిద్దలేదు అని అడిగింది. నిన్నటి అబద్ధమే మళ్లీ చెప్పాను. శనివారం మూసేవేళకి వచ్చింది, స్టాంపు అప్పుడే పడింది, స్కాన్ సోమవారం అయింది అన్నాను. ఫారం నంబరు వేసేది స్కాన్ రోజున, స్కాన్ రూమ్ వాళ్లు కాబట్టి అతికింది. తల ఊపింది. ఆవిడ శనివారం వచ్చిందనడానికి ఏమైనా ఉందా, ఎక్కడైనా రాసుకున్నారా అంది.

అక్కడ ఊరుకోవచ్చు కదా. లేదండీ అంటే పోయేది. రోజూ డైరీ రాస్తానండీ అన్నాను. పద్నాలుగేళ్ల గొప్ప, ఎక్కడికి పోతుంది.

రేపు పొద్దున ఎనిమిదికి పట్టుకురమ్మంది. ఈ నెల పేజీలు చూసి ఇచ్చేస్తుందట. ఇస్త్రీ ఆవిడకి రేపు తొమ్మిదింటికి టైమిచ్చారు. డైరీ చూసేదాకా ఆ ఫైలు ఆఫీసరు దగ్గరే ఉంటుంది.

నవంబర్ 14, సాయంత్రం

ఈ పుస్తకం ఎలా చూపిస్తాను? సోమవారం పేజీలో ఆవిడ సోమవారం వచ్చిందని నేనే రాశాను. మంగళవారం పేజీ అయితే నేరుగా జైలుకి టికెట్టు. శనివారం, ఎనిమిదో తేదీ, ఏమీ రాయలేదు. ఏం జరిగిందని రాయాలి?

వచ్చేటప్పుడు అచ్చం ఇలాంటి పుస్తకమే కొన్నాను. ఒకటో తేదీ నుంచి తిరగరాస్తున్నాను. గ్యాస్ అయిపోవడం, ఆయన జలుబు, బస్సులో గొడుగు మర్చిపోవడం, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఎక్కిస్తున్నాను, సోమవారం నుంచి పేజీల్లో ఇస్త్రీ ఆవిడ సంగతి మాత్రం తీసేసి. ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇన్ని నిజాలు మొయ్యాలని తెలీదు. చెయ్యి లాగేస్తోంది. పెన్నులు కూడా మారుస్తున్నాను, ఒక్క రోజులో రాసినట్టు కనిపించకూడదని. ఇంత దొంగతెలివి నాలో ఎక్కడుందో.

ఆయన వచ్చి చూశారు. లైటు ఇటు జరిపి వెళ్లారు. అత్తయ్య రెండుసార్లు టీ పెట్టి తెచ్చింది. తను దాచుకునే కాగితాల్లో ఉన్న మాటలు ఒక్కటీ అనలేదు.

ఇది రైటో కాదో ఇప్పటికీ తెలీదు. నిజంగా తెలీదు. ఎడమవైపు కాగితంలో ఒక చిన్న చెయ్యి బొమ్మ ఉంటుంది, ఇప్పటికీ ఆ కాగితాన్ని బోర్లా తిప్పి పెడతాను. ఆఫీసరు ఇప్పుడు ఎదురుగా నిలబడి, నీకు ఏం కావాలమ్మా అని అడిగితే జవాబు చెప్పలేను. ఆవిడ ఓపిక లేదని రాసింది, నేను నమ్ముతున్నాను. నా దగ్గర ఉన్నది అంతే. దానికి మూడేళ్లు వేస్తే వేస్తారు. భయంగా ఉంది.

ఎనిమిదో తేదీ ఒక్కటే మిగిలింది. అది మాత్రం కొట్టివేతలు లేకుండా రావాలి. ముందు ఇక్కడ రాసి చూసుకుంటాను, తర్వాత దాంట్లోకి ఎక్కిస్తాను.

నవంబర్ 8, శనివారం

పొద్దుటి నుంచి కిటికీ దగ్గర ఎవరూ లేరు. పన్నెండున్నరకి, మూసే ముందు, ఒకావిడ చంకలో పిల్లతో వచ్చింది. ఫారం తీసుకుని స్టాంపు కొట్టాను. అప్పటికే స్కాన్ రూమ్ మూసేశారు, సోమవారం రమ్మన్నాను. బాగా అలిసిపోయి ఉంది. లోపలికి పిలిచి కూర్చోమన్నాను. మంచినీళ్లు ఇచ్చాను. ఆవిడ తాగేదాకా పిల్లని నేనెత్తుకున్నాను.

బరువుగా ఉంది. నా మెడ దగ్గర తల పెట్టుకుని నిద్రపోయింది. తిరిగి ఇవ్వడానికి కాస్త ఆలస్యం చేశాను.