పెద్దక్క ముందు టోపీ వద్దని మనవి

సంరక్షణ కేంద్రం పెద్ద అధికారి గారి సముఖానికి,

అయ్యా,

విషయం: చింపాంజీల ఆవరణకు టోపీల ఉత్తర్వు నుంచి మినహాయింపు కోరుట గురించి.

ముందుగా తమకు తెలియజేయునది ఏమనగా, ఈ ఉదయం పెద్దక్క అనబడు మన ముసలి చింపాంజీ లేచి, వీపు గోక్కుని, అటు తిరిగి మళ్ళీ పడుకున్నది. ఇదీ ఒక వార్తేనా అని తమరు అనవచ్చు. టోపీలు వచ్చాక అది పగలు కునుకు తీయడం ఇదే మొదలు. నేను టోపీ ఇంట్లో మరిచి వచ్చినందున ఇది సాధ్యపడినది.

1. సిబ్బంది ఒక్కలా కనబడాలని తమరు ఎర్ర టోపీలు ఇప్పించారు. నా బట్టతలకు ఇంత మర్యాద ఎన్నడూ జరగలేదు. పెళ్ళినాటి మనిషిలా ఉన్నావని మా ఆవిడ కూడా మెచ్చుకుంది.

2. అయితే పెద్దక్క సర్కస్ నుంచి విడిపించి తెచ్చిన ప్రాణి. అక్కడ దాన్ని ఆడించినవాడికి టోపీ ఉండేదట. టోపీ కనబడితే చాలు, తింటున్న పండు కింద పెట్టి పిల్లిమొగ్గ వేస్తుంది, లేచి సలాం కొడుతుంది. టోపీ అక్కడే ఉంటే మళ్ళీ మొగ్గ. మొదటి రోజు ముచ్చటపడి మేమంతా చప్పట్లు కొట్టాం. దాంతో ఇంకా వేసింది. ఇప్పుడు మోకాళ్ళు రెండూ వాచి ఉన్నవి.

3. డాక్టరమ్మ ఆ మోకాళ్ళు చూసి నాతో అన్నది: "ముందు నీ నెత్తి మీదది తియ్యి బాబాయ్. మందు నేనిస్తా గానీ, రోగాన్ని నువ్వు తలకెత్తుకు తిరుగుతున్నావు." తీస్తే మా పనులు చూసే మేస్త్రీ ఊరుకోడు. తల ఉన్నంతవరకు టోపీ ఉండాలంటాడు. తల ఇంట్లో పెట్టి రావడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

4. కోతుల వైపు సంగతి వేరు. అక్కడొక కోతి మేస్త్రీ టోపీ లాక్కుని పెట్టుకుంటే, వంటాయన పొరపాటున దానికే దండం పెట్టి సెలవు అడిగాడు. అది తలూపింది కూడా.

5. తమరు వచ్చే వారం ఇటు వస్తున్నట్టు తెలిసింది. తమ టోపీ మా వాటికంటే పెద్దది. పెద్దక్క మొగ్గలు చూసి తమరు కూడా సంతోషిస్తారేమోనని నా భయం. అది సంతోషంతో వేయదయ్యా. వేయడం అయ్యాక మూలకు పోయి, రెండు చేతులతో తల కప్పుకుని కూర్చుంటుంది.

కావున చింపాంజీల ఆవరణ తలుపు పక్కన ఒక మేకు కొట్టించి, ఎంతటివారైనా టోపీ దానికి తగిలించాకే లోపలికి రావాలని ఉత్తర్వు ఇవ్వగలందులకు, ఈ నాలుగు ముక్కలూ చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
చింపాంజీలకు తిండి పెట్టేవాడు

తాజా కలం: వంటాయన సెలవు అడగడం నా కల్పన. మా ఆవిడ మెచ్చుకోవడం కూడా అంతే, ఆమె నిజంగా అన్నది అర్జీలో రాసేది కాదు. టోపీ నేను మరిచిపోలేదు, కావాలనే వదిలి వచ్చాను. రేపు కూడా తేను. తల కప్పుకుని కూర్చోవడం మాత్రం కల్పన కాదు. అలాంటిది కల్పించడం నాకు చేతకాదు.